షెల్ కోడ్‌లో సిగ్నళ్లు: పట్టుకునేది ఒకచోట, పని చేసేది ఇంకోచోట

బెంగళూరులో షెల్ కోడ్ జోలికి వెళ్లే మనవాళ్లు ముఖ్యంగా రెండు రకాలు. నెట్‌వర్క్ పరికరాల కంపెనీల్లో రౌటర్‌లోని బిజీబాక్స్ యాష్ అనే చిన్న షెల్‌కి ప్యాచ్‌లు వేసేవాళ్లు ఒకరు. మారతహళ్లి పీజీల్లో ఉంటూ ఇంటర్వ్యూల కోసం సొంతంగా మినీ షెల్ రాసుకునే కుర్రాళ్లు ఇంకొకరు. పైపులు, రీడైరెక్షన్ ఇద్దరికీ తొందరగానే లొంగుతాయి. తేడా కొట్టేది సిగ్నళ్ల దగ్గరే, అంటే కంట్రోల్-సీ కొట్టినప్పుడో పిల్ల ప్రాసెస్ ముగిసినప్పుడో కెర్నెల్ పంపే కబుర్ల దగ్గర. తప్పుగా రాసినా మొదట్లో అంతా బాగానే నడుస్తుంది, డెమో అయిపోతుంది, ప్యాచ్ మెర్జ్ అయిపోతుంది. ఆ తర్వాత లోడ్ ఎక్కువున్న ఏదో మెషీన్ మీద, ఎప్పుడో ఒకసారి, షెల్ కదలకుండా నిలబడిపోతుంది. మళ్లీ నడిపి చూస్తే ఏమీ ఉండదు.

ఇక్కడ చెప్పేది లైనక్స్ మీద, సీ భాషలో, ఒకే థ్రెడ్‌తో నడిచే షెల్ గురించి. ఫోర్క్, ఎగ్జెక్, ప్రాసెస్ గ్రూపు తెలిసినవాళ్ల కోసం.

హ్యాండ్లర్‌లో ఏముండాలి

సిగ్నల్ రాగానే నడిచే ఫంక్షనే హ్యాండ్లర్. “అన్నా, హ్యాండ్లర్‌లో ఒక్క ప్రింట్‌ఎఫ్ పెడితే కొంపలేం మునుగుతాయి?” అని కోడ్ రివ్యూలో ఎవరో ఒకరు అడక్క మానరు. మునిగేది ఇలా. షెల్ ఏ క్షణం చూసినా ఏదో ఒక స్ట్రింగ్ కోసం మెమరీ ఇచ్చే మాలక్‌లో ఉంటుంది. మాలక్ తన ఖాళీ బ్లాకుల లిస్టులో పాయింటర్లు సగం మార్చిన సమయానికి కంట్రోల్-సీ వచ్చిందనుకోండి. హ్యాండ్లర్ మొదలవుతుంది, అందులోని ప్రింట్‌ఎఫ్ తన బఫర్ కోసం మళ్లీ మాలక్‌ని పిలుస్తుంది, అది వెళ్లి అదే సగం మారిన లిస్టులో వేలు పెడుతుంది. పాత జీలిబ్‌సీ (లైనక్స్‌లో సీ లైబ్రరీ)లో అయితే లాక్ దగ్గర షెల్ తన కోసం తానే ఎదురుచూస్తూ ఆగిపోయేది. ఇప్పటి జీలిబ్‌సీలో ఒకే థ్రెడ్ ఉన్న ప్రోగ్రాం ఆ లాక్ తీసుకోకుండానే వెళ్తుంది కాబట్టి హ్యాంగ్ బదులు హీప్ (మాలక్ పంచే మెమరీ) పాడవుతుంది. మన లెక్కలో ఇదే ఎక్కువ చెడ్డది. హ్యాంగ్ అయిన ప్రాసెస్‌కి జీడీబీ డీబగ్గర్ తగిలిస్తే నేరం జరిగిన చోటే కనిపిస్తుంది. పాడైన హీప్ మాత్రం ఏ సంబంధమూ లేని ఫ్రీ కాల్‌లో, చాలాసేపటి తర్వాత అబార్ట్ అవుతుంది.

హ్యాండ్లర్ లోపల పిలవదగ్గ ఫంక్షన్ల జాబితా యూనిక్స్ సిస్టంల ప్రమాణమైన పోసిక్స్‌లోనే ఉంది. రైట్, కిల్, వెయిట్‌పీఐడీ, సిగ్‌యాక్షన్, సిగ్‌ప్రాక్‌మాస్క్, టీసీసెట్‌పీజీఆర్‌పీ, ముందు అండర్‌స్కోర్ ఉన్న ఎగ్జిట్ అందులో ఉన్నాయి. ప్రింట్‌ఎఫ్, మాలక్, ఫ్రీ, సిస్‌లాగ్, మామూలు ఎగ్జిట్ లేవు. మామూలు ఎగ్జిట్ ఎందుకు లేదంటే, అది పోతూ పోతూ ఎట్‌ఎగ్జిట్ ఫంక్షన్లన్నీ పిలుస్తుంది, స్టాండర్డ్ ఐఓ బఫర్లు ఖాళీ చేస్తుంది. అవి ఏ స్థితిలో ఉన్నాయో ఎవరికి తెలుసు?

జాబితా బట్టీ పట్టాల్సిన అవసరం లేకుండా రాయడమే తెలివి. హ్యాండ్లర్‌లో చేయాల్సిందల్లా ఎర్‌నో (చివరి ఎర్రర్ కోడ్) విలువ దాచడం, వచ్చిన సిగ్నల్ నంబరు గడిలో 1 పెట్టడం, “ఏదో వచ్చింది” అనే ఉమ్మడి ఫ్లాగ్‌లో 1 పెట్టడం, ఎర్‌నో తిరిగి పెట్టేయడం. అంతకు మించి ఇంకో లైను కనిపిస్తే రివ్యూలో ఆపండి. ఎర్‌నో సంగతి ఫ్లాగ్ మాత్రమే పెట్టే హ్యాండ్లర్‌కి అనవసరం అనిపిస్తుంది గానీ, రేపు ఎవరో అందులో ఒక రైట్ చేర్చగానే బయటి కోడ్‌లోని “ఓపెన్ ఎందుకు ఫెయిలైంది” అనే సమాచారం చెరిగిపోతుంది. ముందే పెట్టి ఉంచండి.

ఫ్లాగుల టైపు వోలటైల్ సిగ్-అటామిక్-టీ. వోలటైల్ లేకపోతే, ఫ్లాగ్ కోసం తిరిగే లూప్‌లో దాన్ని ఒక్కసారే చదివి రిజిస్టర్‌లో పెట్టుకునే హక్కు కంపైలర్‌కి ఉంది. ఆప్టిమైజేషన్ లేకుండా పనిచేసి ఓ-2తో ఆగిపోయే షెల్‌కి మొదట చూడాల్సిన కారణం ఇదే. ఇంకో సంగతి: ఆ టైపు ఒక విలువ రాయడానికి, చదవడానికి మాత్రమే హామీ. హ్యాండ్లర్‌లో ఒకటి కలపడం, మెయిన్ కోడ్‌లో ఒకటి తీసేయడం రెండూ ఒకే వేరియబుల్ మీద చేస్తే లెక్క తప్పుతుంది.

ఫ్లాగులు చదివే వరుస కూడా ముఖ్యమే. హ్యాండ్లర్ ముందు సిగ్నల్ గడి నింపి, తర్వాత ఉమ్మడి ఫ్లాగ్ పెడుతుంది. మెయిన్ కోడ్ ముందు ఉమ్మడి ఫ్లాగ్ చెరిపి, తర్వాత గడులు వెతకాలి. గడులన్నీ చూసి చివర్లో ఫ్లాగ్ చెరిపితే, ఆ మధ్యలో వచ్చిన సిగ్నల్ గడిలోనే కూర్చుండిపోతుంది. ఇంకో సిగ్నల్ వచ్చేదాకా దాన్ని ఎవరూ పట్టించుకోరు.

సిగ్నల్ అనే పాత ఫంక్షన్ వాడకండి. ఒక సిస్టంలో హ్యాండ్లర్ ఒకసారి నడవగానే డిఫాల్ట్‌కి మారిపోతుంది, ఇంకోదాంట్లో అలాగే ఉంటుంది. సిగ్‌యాక్షన్‌తోనే పెట్టండి. మాస్క్‌ని (బ్లాక్ చేసిన సిగ్నళ్ల జాబితా) సిగ్‌ఫిల్‌సెట్‌తో నింపితే ఒక హ్యాండ్లర్ మధ్యలో ఇంకోటి దూరదు. ఎస్ఏ-రీస్టార్ట్ జెండా (సిగ్నల్ వల్ల తెగిన కాల్‌ని మళ్లీ మొదలుపెట్టేది) సిగ్‌చైల్డ్‌కి (పిల్ల ప్రాసెస్ పోయినప్పుడు వచ్చేది) పెట్టొచ్చు. సిగ్‌ఇంట్‌కీ (కంట్రోల్-సీ పంపేది), యూజర్ ట్రాప్ (సిగ్నల్ వస్తే నడపమని స్క్రిప్టు ఇచ్చిన కమాండ్) పెట్టిన సిగ్నళ్లకీ పెట్టకండి. పెడితే రీడ్ బిల్టిన్ (షెల్ లోపలే ఉండే కమాండ్) దగ్గర కూర్చున్న స్క్రిప్టు సిగ్నల్ వచ్చినా లేవకుండా మళ్లీ రీడ్‌లోకే వెళ్లిపోతుంది. దీని మూల్యం, షెల్‌లోని ప్రతి రీడ్, రైట్, వెయిట్ ఈఐఎన్‌టీఆర్‌కి (సిగ్నల్ వల్ల కాల్ మధ్యలో తెగిందనే ఎర్రర్) సిద్ధంగా ఉండాలి. వీటన్నిటికీ ఒక్కొక్క రేపర్ రాసుకుని నేరుగా పిలవడం మానేయండి.

ఖర్చు లేకుండా వాయిదా వేయడం

జాబ్ టేబుల్‌లోనో వేరియబుళ్ల హ్యాష్‌లోనో లింకులు మారుస్తున్నప్పుడు సిగ్నల్ వల్ల పని మధ్యలో తెగకూడదు. మొదట అందరికీ తట్టేది సిగ్‌ప్రాక్‌మాస్క్‌తో బ్లాక్ చేసి, పనయ్యాక తీసేయడం. తప్పేం కాదు, కానీ ప్రతిసారీ కెర్నెల్‌లోకి వెళ్లి రావాలి. బ్లాక్‌కి ఒకటి, తీయడానికి ఒకటి. ఒక చిన్న అసైన్‌మెంట్‌లో రెండుచోట్ల ఇలా రాశారంటే, పది లక్షల చుట్లు తిరిగే లూప్‌లో నలభై లక్షల సిస్టమ్ కాల్స్. సిస్టమ్ కాల్స్ చూపించే ఎస్‌ట్రేస్‌ని లెక్కల మోడ్‌లో నడిపితే మొదటి వరుసలో ఆర్‌టీ-సిగ్‌ప్రాక్‌మాస్క్ కనిపించే షెల్‌లో జరుగుతున్నది ఇదే.

పేరున్న షెల్స్ దీనికి కౌంటర్ వాడతాయి. డాష్‌లో ఇంట్-ఆఫ్ అనే మ్యాక్రో ఒక పూర్ణసంఖ్యని ఒకటి పెంచుతుంది. ఇంట్-ఆన్ ఒకటి తగ్గిస్తుంది, సున్నా అయ్యాక పెండింగ్ ఇంటరప్ట్ ఉంటే అప్పుడు దాని పని చూస్తుంది. జెడ్‌ఎస్‌హెచ్‌లో క్యూ-సిగ్నల్స్, అన్‌క్యూ-సిగ్నల్స్ అనే జంట ఉంది. కౌంటర్ సున్నా కాకపోతే హ్యాండ్లర్ వచ్చిన సిగ్నల్‌ని 128 గడుల గుండ్రటి క్యూలో వేసి వెళ్లిపోతుంది, కౌంటర్ సున్నా అవగానే క్యూ ఖాళీ అవుతుంది. కెర్నెల్ గడప తొక్కే పని లేదు. కౌంటర్‌ని మార్చేది మెయిన్ కోడ్ ఒక్కటే, హ్యాండ్లర్ చదువుతుందంతే, కాబట్టి ఇందాక చెప్పిన లెక్క తప్పే గొడవ ఇక్కడ లేదు. కౌంటర్ పెంచిన చోట కంపైలర్ బ్యారియర్ ఉండాలి. లేకపోతే లోపలి పనిని కంపైలర్ బయటికి జరిపేయొచ్చు.

ఈ పద్ధతిలో వచ్చే బగ్గులు రెండే. మొదటిది, ఎర్రర్ దారిలో తగ్గించకుండా రిటర్న్ అవడం. కౌంటర్ 1 దగ్గర ఆగిపోతుంది, ఆ తర్వాత కంట్రోల్-సీ ఎంత కొట్టినా షెల్ ఉలకదు పలకదు. సిగ్‌లాంగ్‌జంప్ (సిగ్‌సెట్‌జంప్ గుర్తు పెట్టిన చోటికి ఒక్క గెంతులో తిరిగొచ్చేది) వాడే షెల్‌లో ఇది మరీ సులువు, ఎందుకంటే జంప్ అయ్యేటప్పుడు మధ్యలోని తగ్గింపులన్నీ ఎగిరిపోతాయి. సిగ్‌సెట్‌జంప్ దగ్గరే కౌంటర్ విలువని లోకల్ వేరియబుల్‌లో దాచి, జంప్ తిరిగొచ్చిన చోట అదే విలువ పెట్టండి. లోకల్‌ని వోలటైల్ చేయడం మరిచిపోవద్దు.

రెండో బగ్గు, కౌంటర్ పైకి ఉండగానే రీడ్‌లోకో వెయిట్‌లోకో వెళ్లడం. డేటాని కాపాడే వరకే ఆ కౌంటర్. నిద్రపోయే ఏ కాల్ ముందైనా దాన్ని సున్నా చేసి, వచ్చాక పాత విలువ పెట్టాలి. పెద్ద ఫంక్షన్ మొత్తానికి మొదట్లో పెంచి చివర్లో తగ్గించడం రాసేవాడికి హాయి. లోపల ఏడు మెట్ల కింద ఎవరో బ్లాక్ అయ్యే కాల్ పెట్టారని తెలిసేది యూజర్ తిట్టినప్పుడు.

నిద్రపోయే ముందు ఒక కన్ను

ఫ్లాగ్ చూశారు, సున్నా ఉంది, రీడ్ పిలిచారు. ఆ రెండింటి మధ్య సిగ్నల్ వచ్చింది. ఫ్లాగ్ 1 అయింది గానీ షెల్ అప్పటికే రీడ్‌లో పడుకుంది. కీబోర్డు దగ్గర ఎవరైనా ఇంకో కీ నొక్కేదాకా లేవదు. ఈ సందు చాలా ఇరుకు. అందుకే టెస్టుల్లో దొరకదు, ప్రొడక్షన్‌లో దొరుకుతుంది.

వెయిట్ బిల్టిన్‌కి మందు సిగ్‌సస్పెండ్. ముందు సిగ్నళ్లన్నీ బ్లాక్ చేసి పాత మాస్క్ దాచుకోండి. ఫ్లాగులు చూడండి. ఏమీ లేకపోతే పాత మాస్క్‌తో సిగ్‌సస్పెండ్ పిలవండి. మాస్క్ మార్చడం, నిద్రపోవడం రెండూ కెర్నెల్ ఒకే దెబ్బలో చేస్తుంది కాబట్టి సందు ఉండదు. లేచాక మళ్లీ ఫ్లాగులు చూసి, చివరికి పాత మాస్క్ పెట్టండి. ఒక జాగ్రత్త: ఆ పాత మాస్క్‌లో సిగ్‌చైల్డ్ అప్పటికే బ్లాక్ అయి ఉంటే షెల్ ఎప్పటికీ లేవదు. సిగ్‌సస్పెండ్‌కి ఇచ్చే ముందు అందులోంచి సిగ్‌చైల్డ్‌ని తీసేయండి.

ప్రాంప్ట్ దగ్గర కీబోర్డు కోసం చూసేటప్పుడు ఇదే పని పీసెలెక్ట్ లేదా పీపోల్ చేస్తాయి. రీడ్ పిలవాల్సింది అవి “డేటా ఉంది” అన్నాకే.

అవి దొరకని చోట, లేదా మెయిన్ లూప్ అప్పటికే పోల్ చుట్టూ కట్టి ఉన్నచోట, సెల్ఫ్-పైప్ పెడతారు. హ్యాండ్లర్ పైపులో ఒక బైటు రాస్తుంది, పోల్ దాన్ని చూసి లేస్తుంది. రెండు చివరలూ నాన్‌బ్లాకింగ్‌గా, క్లోజ్-ఆన్-ఎగ్జెక్‌తో ఉండాలి. పైపు నిండి రైట్ ఫెయిలైనా ఫరవాలేదు, చదవడానికి అందులో ఎలాగూ ఏదో ఉంది. ఇంతవరకు ఏ సర్వర్ ప్రోగ్రాంకైనా ఒకటే. షెల్‌కి మాత్రం అదనంగా రెండు చిక్కులున్నాయి. స్క్రిప్టులు 3, 4, 5 లాంటి డిస్క్రిప్టర్లని తమ సొంతంలా వాడుకుంటాయి, కాబట్టి ఎఫ్‌సీఎన్‌టీఎల్ డూప్‌తో మీ పైపుని 10కి పైకి జరపండి. ఇక బ్రాకెట్ల సబ్‌షెల్ కోసం ఎగ్జెక్ లేకుండా ఫోర్క్ చేసినప్పుడు తల్లీ పిల్లా ఒకే పైపుని పంచుకుంటాయి. పిల్లకి వచ్చిన సిగ్నల్ బైటు తల్లిని లేపుతుంది, తల్లి బైటుని పిల్ల తాగేస్తుంది. సబ్‌షెల్‌లోకి దిగగానే పాత పైపు మూసి కొత్తది తెరవండి.

ఫోర్క్ చుట్టూ వరుస

ఈ వరుసలో మెట్లు అటూ ఇటూ చేస్తే ఒక్కో తప్పుకి ఒక్కో రకం బగ్గు వస్తుంది. అందుకని వరుసగానే:

1. ఫోర్క్‌కి ముందు సిగ్నళ్లన్నీ బ్లాక్ చేసి పాత మాస్క్ దాచండి. ఇక్కడ కౌంటర్ చాలదు, నిజమైన సిగ్‌ప్రాక్‌మాస్కే కావాలి. ఫోర్క్ ఖర్చు ముందు ఈ ఒక్క కాల్ ఖర్చు లెక్కలోకి రాదు.

2. పిల్లలో సెట్‌పీజీఐడీ పిలవండి. తల్లిలోనూ అదే పిల్ల మీద పిలవండి. ఎవరు ముందు పరిగెడతారో తెలియదు కాబట్టి రెండుచోట్లా ఉండాలి. పిల్ల అప్పటికే ఎగ్జెక్ అయి ఉంటే తల్లికి ఈయాక్సెస్ ఎర్రర్ వస్తుంది, దాన్ని వదిలేయండి.

3. ఫోర్‌గ్రౌండ్ జాబ్ అయితే టెర్మినల్‌ని టీసీసెట్‌పీజీఆర్‌పీతో పిల్ల గ్రూపుకి ఇవ్వండి. ఇప్పుడు సిగ్‌టీటీఓయూ (బ్యాక్‌గ్రౌండ్‌లో ఉండి టెర్మినల్ జోలికి వెళ్తే వచ్చేది) బ్లాక్‌లోనో ఇగ్నోర్‌లోనో ఉండాలి. లేకపోతే ఆ కాల్ చేసిన ప్రాసెసే ఆగిపోతుంది.

4. పిల్లలో, షెల్ తన కోసం మార్చుకున్న సిగ్నళ్లని డిఫాల్ట్‌కి తెండి. షెల్ పుట్టేటప్పటికే ఇగ్నోర్ అయి ఉన్నవాటిని మాత్రం అలాగే ఉంచండి, లైన్ తెగినా కమాండ్‌ని బతికించే నోహప్ పనిచేసేది దాని మీదే. 1 నుంచి 64 వరకు అన్నిటికీ సిగ్‌యాక్షన్ పిలిచే కోడ్ చూస్తుంటాం. ప్రతి కమాండ్‌కీ అరవైపైగా సిస్టమ్ కాల్స్ దండగ. షెల్ మార్చిన సిగ్నళ్ల జాబితా ఒకటి ఉంచుకుంటే సాధారణంగా ఏడెనిమిదితో సరిపోతుంది.

5. పెండింగ్ ఫ్లాగులన్నీ సున్నా చేయండి. ఎగ్జెక్ చేయని సబ్‌షెల్ అయితే తల్లి ట్రాప్ పిల్లలో నడవకుండా ఆపేది ఇదే.

6. చివరగా పాత మాస్క్ పెట్టి ఎగ్జెక్ చేయండి. 4 కంటే ముందు మాస్క్ తీసేస్తే, ఆ సందులో వచ్చిన కంట్రోల్-సీ షెల్ హ్యాండ్లర్‌లోకి వెళ్లి ఫ్లాగ్ పెడుతుంది. వెంటనే ఎగ్జెక్ ఆ ఫ్లాగ్‌తో సహా అంతా తుడిచేస్తుంది. యూజర్ కంట్రోల్-సీ కొట్టాడు, ప్రోగ్రాం మాత్రం నడుస్తూనే ఉంది.

7. తల్లిలో, పిల్ల పీఐడీని జాబ్ టేబుల్‌లో చేర్చాకే మాస్క్ తీయండి. ముందే తీస్తే, పుట్టీపుట్టగానే పోయిన పిల్లకి సంబంధించిన సిగ్‌చైల్డ్ వచ్చేసరికి టేబుల్‌లో దాని ఎంట్రీ ఉండదు. ఆ తర్వాత చేర్చిన ఎంట్రీ ఎప్పటికీ “నడుస్తోంది” అనే చూపిస్తుంది.

ఎగ్జెక్ అయ్యాక హ్యాండ్లర్లు వాటంతటవే డిఫాల్ట్‌కి వెళ్తాయి. ఇగ్నోర్ వెళ్లదు, బ్లాక్ మాస్క్ వెళ్లదు. మినీ షెల్స్‌లో నూటికి తొంభై తప్పులు ఈ ఒక్క వాక్యం దగ్గర జరుగుతాయని మా అభిప్రాయం. వీఫోర్క్ వాడితే ఇంకో మెలిక: పిల్ల తల్లి మెమరీలోనే నడుస్తుంది కాబట్టి పిల్లలో హ్యాండ్లర్ నడిస్తే తల్లి ఫ్లాగులే మారతాయి. మొదటి మెట్టు అక్కడ మరీ తప్పనిసరి.

సిగ్‌చైల్డ్: బెల్లు ఒకటే, మనుషులు ఎంతమందో

మామూలు సిగ్నళ్లు క్యూ కట్టవు. సిగ్‌చైల్డ్ పెండింగ్‌లో ఉండగా ఇంకో అయిదుగురు పిల్లలు పోయినా వచ్చేది ఒక్క సిగ్నలే. కాలింగ్ బెల్ మోగితే బయట ఎవరో ఉన్నారని తెలుస్తుంది, ఎంతమందో తలుపు తీసి చూడాలి. అందుకని ఫ్లాగ్ కనిపించినప్పుడు వెయిట్‌పీఐడీని లూప్‌లో పిలవాలి: పీఐడీ స్థానంలో మైనస్ 1, జెండాలు నోహ్యాంగ్, అన్‌ట్రేస్డ్, కంటిన్యూడ్. సున్నా వచ్చినా, ఈచైల్డ్ ఎర్రర్ వచ్చినా ఆపండి. ఒక్కసారే పిలిచి వదిలేస్తే జాంబీలు (ముగిసినా ఎవరూ ఎత్తని ప్రాసెస్‌లు) పేరుకుంటాయి.

ఫ్లాగ్ లేనప్పుడు వెయిట్‌పీఐడీ పిలవకపోవడం కూడా అంతే ముఖ్యం. ప్రతి కమాండ్ తర్వాత “ఎందుకైనా మంచిది” అని ఒకసారి పిలిచే షెల్స్ ఉన్నాయి, బిల్టిన్లే నడిచే లూప్‌లో అది ఊరికే పోయే ఖర్చు.

షెల్ మొదలవగానే సిగ్‌చైల్డ్‌ని చూసుకోండి. మనల్ని పుట్టించిన ప్రోగ్రాం దాన్ని ఇగ్నోర్ చేసి ఉంటే అది మనకీ అంటుకుంటుంది. అప్పుడు పిల్లలు పోగానే కెర్నెలే ఎత్తేస్తుంది, వెయిట్‌పీఐడీకి ఈచైల్డ్ తప్ప ఏమీ మిగలదు, ఎగ్జిట్ స్టేటస్ గల్లంతు. స్క్రిప్టు చేత్తో నడిపితే బాగుంటుంది, ఏదో డెమన్ కింద నడిపితే ప్రతి కమాండూ ఫెయిల్ అంటుంది.

స్క్రిప్టు మధ్యలో కంట్రోల్-సీ

స్క్రిప్టు ఒక కమాండ్ నడుపుతోంది, యూజర్ కంట్రోల్-సీ కొట్టాడు. టెర్మినల్ ఆ సిగ్నల్‌ని ఫోర్‌గ్రౌండ్ గ్రూపు మొత్తానికి పంపుతుంది, షెల్‌కీ కమాండ్‌కీ ఇద్దరికీ. షెల్ వెంటనే చావకూడదు. ఎడిటర్ లాంటి ప్రోగ్రాంకి కంట్రోల్-సీ మామూలు కీ. కమాండ్ ఎలా ముగిసిందో చూడాలి. సిగ్‌ఇంట్ వల్లే చచ్చిందని వెయిట్ స్టేటస్ చెబితే, షెల్ కూడా సిగ్‌ఇంట్‌ని డిఫాల్ట్‌కి తెచ్చుకుని, తనకు తానే కిల్‌తో సిగ్‌ఇంట్ పంపుకుని చావాలి. ఊరికే 130తో ఎగ్జిట్ అయితే, పైనున్న ఇంకో షెల్‌కి ఇది సిగ్నల్ చావని తెలియదు. లూప్‌లో పది స్క్రిప్టులు నడిపేవాడు కంట్రోల్-సీ పదిసార్లు కొట్టాల్సి వచ్చేది అందుకే.

స్క్రిప్టుకి చూపించే డాలర్-ప్రశ్నార్థకం విలువ మాత్రం 128కి సిగ్నల్ నంబరు కలిపినదే: సిగ్‌ఇంట్‌కి 130, సిగ్‌కిల్‌కి 137, సిగ్‌పైప్‌కి 141, సిగ్‌టర్మ్‌కి 143. కోడ్‌లో నంబర్లు రాయకండి. సిగ్‌చైల్డ్ లైనక్స్ ఇంటెల్ మెషీన్ల మీద 17, మ్యాక్‌లో 20.

ట్రాపుల సంగతి క్లుప్తంగా. ఫోర్‌గ్రౌండ్ కమాండ్ నడుస్తుండగా వచ్చిన సిగ్నల్‌కి ట్రాప్ ఆ కమాండ్ ముగిశాకే నడవాలి. వెయిట్ బిల్టిన్‌లో ఉండగా వస్తే మాత్రం వెయిట్ వెంటనే 128కి పైన విలువతో తిరిగొచ్చి, ట్రాప్ నడవాలి. షెల్ పుట్టేటప్పటికే ఇగ్నోర్ అయి ఉన్న సిగ్నల్ మీద, ఇంటరాక్టివ్ కాని షెల్‌లో, ట్రాప్ పెట్టనివ్వకూడదు. ఇది పోసిక్స్ నియమం. అందుకే మొదలవగానే ఏవి ఇగ్నోర్‌లో ఉన్నాయో సిగ్‌యాక్షన్‌తో అడిగి రాసిపెట్టుకోవాలి.

లైన్ తెగినప్పుడు

వైట్‌ఫీల్డ్ నుంచి పర్పుల్ లైన్‌లో వస్తూ ఫోన్ హాట్‌స్పాట్ మీద సర్వర్‌కి లాగిన్ అయి ఉన్నారనుకోండి. ఎంజీ రోడ్ దాటాక కబ్బన్ పార్క్ వైపు రైలు సొరంగంలోకి దిగింది, నెట్ పోయింది. షెల్‌కి ఆ క్షణాన ఏమీ తెలియదు. సర్వర్‌లోని ఎస్ఎస్‌హెచ్ డెమన్‌కి క్లయింట్-అలైవ్ విరామం 30 సెకన్లు, కౌంట్ 3 అని పెట్టి ఉంటే, సుమారు ఒకటిన్నర నిమిషానికి అది ఆశ వదులుకుని తన వైపు టెర్మినల్ మూసేస్తుంది. అప్పుడు కెర్నెల్ సెషన్ లీడరైన షెల్‌కి సిగ్‌హప్ (లైన్ తెగిందని), వెనకే సిగ్‌కంట్ (ఆగి ఉంటే మళ్లీ నడవమని) పంపుతుంది.

అందరూ పప్పులో కాలేసే చోటు ఇదే. హిస్టరీ ఫైలు రాయాలనే తొందరలో ఆ పని హ్యాండ్లర్‌లోనే చేస్తారు. హిస్టరీ రాయడమంటే మాలక్, స్టాండర్డ్ ఐఓ, ఫైల్ లాక్. మొదటి భాగంలో చెప్పినదంతా ఒక్కసారిగా మీద పడుతుంది. హ్యాండ్లర్ ఫ్లాగే పెట్టాలి. ప్రాంప్ట్ దగ్గర ఉన్న షెల్ పీపోల్ నుంచి వెంటనే లేస్తుంది కాబట్టి ఆలస్యమేమీ ఉండదు.

లేచాక జాబులన్నిటికీ, గ్రూపు పీఐడీకి మైనస్ పెట్టి, సిగ్‌హప్ పంపండి. ఆగి ఉన్నవాటికి సిగ్‌కంట్ కూడా పంపాలి, లేకపోతే అవి సిగ్‌హప్‌ని అందుకోకుండా అలాగే పడి ఉంటాయి. తర్వాత హిస్టరీ రాసి, సిగ్‌హప్‌ని డిఫాల్ట్‌కి తెచ్చి తనకు తానే పంపుకుని ముగించాలి. ఈ దారిలో టెర్మినల్‌కి ఏమీ రాయకండి. లైన్ పోయిన టెర్మినల్ మీద రైట్ చేస్తే ఈఐఓ ఎర్రర్, రీడ్ చేస్తే సున్నా లేదా ఎర్రర్. “రీడ్ ఫెయిలైంది, మళ్లీ చదువుదాం” అనే లూప్ రాసి ఉంటే, యూజర్ లేని షెల్ ఒక సీపీయూ కోర్‌ని వంద శాతం తింటూ సర్వర్‌లో మిగిలిపోతుంది. రీడ్‌లో ఈఐఎన్‌టీఆర్ ఒక్కదానికే మళ్లీ ప్రయత్నించండి. ఈఐఓ వస్తే బయటికి నడవండి.

ఏది ఎక్కడ ఆగిందో చూడడం

ప్రాక్ డైరెక్టరీలో ఆ పీఐడీ కింద స్టేటస్ అనే ఫైలు తెరవండి. సిగ్-పెండింగ్, సిగ్-బ్లాక్, సిగ్-ఇగ్నోర్, సిగ్-కాట్ అనే అర్థంలో కుదించిన పేర్లతో వరుసలుంటాయి, పక్కన హెక్స్ అంకెలు. కుడి నుంచి ఒక్కో అంకె నాలుగు సిగ్నళ్లకి: మొదటి అంకె 1 నుంచి 4, రెండోది 5 నుంచి 8, అలా.

ఇంటరాక్టివ్ బాష్‌లో ఇగ్నోర్ వరుస మామూలుగా 384004 అని ముగుస్తుంది. కుడి చివరి 4 అంటే మూడో సిగ్నల్, సిగ్‌క్విట్. నాలుగో స్థానంలోని 4 అంటే 13 నుంచి 16లో మూడోది, 15, సిగ్‌టర్మ్. అయిదో స్థానంలోని 8 అంటే 20, కంట్రోల్-జెడ్ పంపే సిగ్‌టీఎస్‌టీపీ. ఆరో స్థానంలోని 3 అంటే 21, 22 రెండూ, సిగ్‌టీటీఐఎన్, సిగ్‌టీటీఓయూ. ఇప్పుడు మీ షెల్ నుంచి స్లీప్ కమాండ్ నడిపి దాని స్టేటస్ చూడండి. బ్లాక్ వరుసలో 10000 కనిపిస్తే ఆరో మెట్టులో మాస్క్ తిరిగి పెట్టలేదు, సిగ్‌చైల్డ్ బ్లాక్ అయే వెళ్లింది. ఇగ్నోర్ వరుసలో 384004 కనిపిస్తే నాలుగో మెట్టు మరిచారు, ఆ స్లీప్‌ని కంట్రోల్-జెడ్ ఆపలేదు. ఇగ్నోర్‌లో 1000 ఒక్కటే ఉంటే అది సిగ్‌పైప్, చాలావరకు మీ తప్పు కాదు. సిస్టమ్‌డీ తన సర్వీసులకి సిగ్‌పైప్‌ని డిఫాల్ట్‌గా ఇగ్నోర్ చేసే ఇస్తుంది. ఆ సర్వీసు కింద పుట్టిన షెల్‌లో యెస్ కమాండ్‌ని హెడ్‌కి పైప్ చేస్తే “బ్రోకెన్ పైప్” అని సణుగు వినిపించేది దాని వల్లే.

హ్యాంగ్ అయితే జీడీబీలో బ్యాక్‌ట్రేస్ తీసి, “సిగ్నల్ హ్యాండ్లర్ కాల్డ్” అనే గీత వెతకండి. దానికి పైనా కిందా రెండు వైపులా మాలక్ కుటుంబం కనిపిస్తే ఇంకేమీ వెతకనక్కర్లేదు. ఆ గీత అసలు లేకుండా షెల్ మామూలు రీడ్‌లో కూర్చుని, మెమరీలో పెండింగ్ ఫ్లాగ్ 1 ఉంటే, అది నిద్రకి ముందున్న సందు.

టెస్టులు

ఇరుకు సందులు చేత్తో దొరకవు, సిగ్నళ్ల వాన కురిపించాలి. షెల్ పీఐడీకి ఇంకో టెర్మినల్ నుంచి సిగ్‌వించ్‌ని (టెర్మినల్ సైజు మారినప్పుడు వచ్చేది) ఆగకుండా పంపుతూ, షెల్‌లో స్ట్రింగులు అతికే లూప్ ఒకటి నడపండి. సిగ్‌వించ్ డిఫాల్ట్‌గా ఎవరినీ చంపదు కాబట్టి దీనికి బాగా పనికొస్తుంది. అడ్రస్ శానిటైజర్‌తో బిల్డ్ చేసి నడిపితే పాడైన మెమరీ బయటపడే అవకాశం పెరుగుతుంది.

పిల్లల లెక్క కోసం, వెంటనే ముగిసే కమాండ్లు వెయ్యి బ్యాక్‌గ్రౌండ్‌లో వదిలి, వెయిట్ చేసి, జాబ్స్ అడగండి. జాబితా ఖాళీగా రావాలి, పీఎస్‌లో జాంబీ ఉండకూడదు. ఇదే టెస్టుని టాస్క్‌సెట్‌తో ఒకే కోర్ మీద కట్టేసి ఒకసారి, అన్ని కోర్ల మీద ఒకసారి నడపండి. ఫోర్క్ తర్వాత తల్లి ముందా పిల్ల ముందా అనేది అక్కడ మారుతుంది, రెండో మెట్టులోనో ఏడో మెట్టులోనో తప్పుంటే రెండింట్లో ఒకదాంట్లో పట్టుబడుతుంది.

కంటైనర్‌లో కూడా చూడండి. షెల్ అక్కడ పీఐడీ 1 అయితే, హ్యాండ్లర్ లేని సిగ్‌టర్మ్‌ని కెర్నెల్ దానికి అందించదు. డాకర్ స్టాప్ డిఫాల్ట్‌గా 10 సెకన్లు ఆగి సిగ్‌కిల్ పంపుతుంది. ప్రతి డిప్లాయ్‌మెంట్‌లో సరిగ్గా 10 సెకన్ల ఆలస్యం కనిపిస్తుంటే, ఎంట్రీపాయింట్ స్క్రిప్టు చివరి కమాండ్‌కి ముందు ఎగ్జెక్ ఉందో లేదో చూడండి.